సిక్కోలు పేపరు తెరుచుకునే వేళ

మా ఇంటి కంప్యూటరులో ఒక మంత్రిగారు రిబ్బను కత్తిరించడానికి సుమారు రెండు గంటలు పట్టేది. పేపరు మొదటి పేజీ పైనుంచి కిందికి ముక్కలు ముక్కలుగా దిగేది. ఆయన తల ఇడ్లీల మొదటి వాయికి కనబడితే, భుజాలు చట్నీ తాలింపుకి, కత్తెర పట్టుకున్న చెయ్యి మా ఆయన ఫ్యాక్టరీకి బయల్దేరాక. మా అత్తగారు వరహాలమ్మ తెర ముందు కుర్చీలో కళ్ళజోడు పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని ఎదురుచూసేవారు.

"ఏటే మహేశ్వరీ, ఈ బాబు మొండెం ఇంకా రాలేదే?"

"వస్తోంది అత్తయ్యా, దారిలో ఉంది."

"ఏ టేసన్లో ఉందో కనుక్కో."

ఆమె రైల్వే గార్డు భార్య. ఆలస్యంగా వచ్చేవాటితో ముప్ఫై ఏళ్ళు కాపురం చేసిన మనిషి. మామగారు రాయపూర్‌లో ఉద్యోగం చేసినన్నాళ్ళూ శ్రీకాకుళం జిల్లా పేపరు విశాఖ వైపు నుంచి వచ్చే బండిలో, ఒక గార్డు చేతినుంచి ఇంకో గార్డు చేతికి మారుతూ, ఒకరోజు ఆలస్యంగా, దారిలో నలుగురు చదివిన మడతలతో మా ఇంటికి చేరేది. ఆయన పోయాక పేపరూ ఆగిపోయింది. నాలుగేళ్ళ తర్వాత నేను ఇంటర్నెట్టులో అదే పేపరు తెరిచి చూపించిన రోజున అత్తయ్య తెర మీద వేలు పెట్టి, ఆమదాలవలస అన్న పేరును తడిమి చూశారు. సిరా తడి అంటుకుందేమో అన్నట్టు ఆ వేలిని చీరకు తుడుచుకున్నారు కూడా.

అప్పటినుంచి రోజూ అదే వరస. ముందు మరణవార్తలు, తర్వాత పలాసలో జీడిపప్పు ధర, ఆ తర్వాత వంశధారలో నీళ్ళు. మాకు జీడితోట లేదు. వంశధార పక్కన సెంటు భూమి లేదు. అయినా ఛత్తీస్‌గఢ్‌లో ఎండ మండిపోతున్న రోజున కూడా ఆమె, "అక్కడ ముసురట, బట్టలు లోపలెట్టు," అనేవారు. నేను పెట్టేదాన్ని. బట్టలకేం నష్టం?

ఆ వానాకాలం, అంటే రెండువేల పదిలో, ఒక సోమవారం మా ఆయన భీమారావు గారు తీర్పు చెప్పేశారు. ఉర్లాలో ఒక ఫ్యాబ్రికేషన్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు ఆయన. యంత్రాల విషయంలో ఆయన మాటకు ఇంట్లో అప్పీలు లేదు.

"ఇది ఖతమ్ అయిపోయిందమ్మా. సండే ఎక్స్‌ఛేంజ్‌లో పడేసి లాప్‌టాప్ తెచ్చేస్తాను. నాకు ఆఫీసుకీ పనికొస్తుంది."

"ఆఫీసుకి అట్టుకెళ్ళిపోతావా?"

"మరి? లాప్‌టాప్ అంటే మతలబే అది కదా. నువ్వు సాయంత్రం చదువుకో పేపరు."

"సాయంత్రం పేపరేటిరా, పకోడీలు కట్టుకోడానికి," అని నవ్వేశారు అత్తయ్య. ఆయన ఇల్లు చేరేది రాత్రి తొమ్మిదికి. ఆమె కళ్ళు దీపం వెలుగులో అక్షరాన్ని పట్టలేవు. ఈ రెండు సంగతులూ ఆయనకు విడివిడిగా తెలుసు. కలిపి చూసుకోలేదు, అంతే.

ఆదివారానికి ఆరు రోజులుంది. నేను కొంగు దోపాను.

మంగళవారం మెకానిక్ ప్రేమ్‌చంద్ వచ్చాడు. అతను అప్పటికే రెండుసార్లు లోపలున్నదంతా చెరిపేసి మళ్ళీ ఎక్కించి వెళ్ళిన మనిషి. చెరిపిన ప్రతిసారీ వారం కూడా నిలవలేదు. ఈసారి టీ తాగుతూ మౌసు కదిపి, బాణం గుర్తు పాకడం చూసి నిట్టూర్చాడు.

"పురానా హో గయా భాభీజీ. ముసలిదైపోయింది, మనుషుల్లాగే. కాళ్ళు పట్టేస్తాయి."

"ఓసారి డబ్బా విప్పి చూడకూడదా భయ్యా?"

ప్రేమ్‌చంద్ డబ్బా వైపు చూశాడు. కిందటి సెప్టెంబరులో ఫ్యాక్టరీలో యంత్రాలకు విశ్వకర్మ పూజ చేసుకుని వచ్చిన ఊపులో మా ఆయన ఇంట్లో దీనికీ పసుపు రాసి, కుంకుమ పెట్టి, మాల వేశారు. బల్ల కింద నిలువుగా ఉన్నదాన్ని బొట్టు బాగా కనబడాలని పక్కకు పడుకోబెట్టారు. ఏడాదిగా అది శేషశయనం మీదే ఉంది. ప్రేమ్‌చంద్ వేళ్ళతో దాన్ని తాకి కళ్ళకద్దుకున్నాడు.

"పూజ చేసిన డబ్బా భాభీజీ. నేను స్క్రూడ్రైవర్ పెట్టను. కొత్తది కొనుక్కోండి."

సరే, విప్పకుండా ఏం చెయ్యగలనో అంతా చేశాను. నేను బీఎస్సీ చదివింది రసాయనశాస్త్రం కాబట్టి దేనిలో ఏం కలిసిందో చూడటం అలవాటే. స్విచ్ వేయగానే పిలవకుండా లేచి కూర్చునే ప్రోగ్రాములు పద్నాలుగు తేలాయి. వాటిలో మా ఆయన ఎక్కించిన వైరసు మందులే మూడు. మూడూ ఒకదాన్నొకటి దొంగ అనుకుని పట్టుకుంటున్నాయి. ఒకదాన్ని ఉంచి రెండింటిని సాగనంపాను. పాత ఫైళ్ళ చెత్త ఊడ్చాను. చెల్లాచెదురుగా ఉన్న ఫైళ్ళను ఒకచోట సర్దమంటే అది బుధవారం సాయంత్రం దాకా సర్దుతూనే ఉంది, అటకెక్కిన కొత్త కోడలిలా.

గురువారం మా ఆయన వేకువజామునే డ్యూటీకి వెళ్ళిపోయారు. రోజూ ఆరింటికే కంప్యూటరు పెట్టి ఫ్యాక్టరీ లెక్కలు చూసుకునే మనిషి ఆ రోజు దాన్ని ముట్టలేదు. ఏడున్నరకి నేనే స్విచ్ వేశాను. పేపరు చటుక్కున తెరుచుకుంది. మంత్రిగారు తల, మొండెం, కాళ్ళతో సహా ఒక్కసారే ప్రత్యక్షమయ్యారు.

"ఓలమ్మ, రైటు టైమే!" అన్నారు అత్తయ్య.

కానీ మూడో పేజీకి వచ్చేసరికి మళ్ళీ పాకుడు మొదలైంది. లోపలెక్కడో టిక్కుటిక్కుమని చప్పుడు. డబ్బా మీద చెయ్యి వేశాను. దోసెల పెనం అంత వేడి. చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగా నడిచి, వేడెక్కగానే కూలబడుతోందన్నమాట. దీనికి వచ్చింది ముసలితనం కాదు, జ్వరం.

జ్వరం ఎందుకొచ్చిందో తెలియాలంటే విప్పాలి.

శనివారం పదింటికి, మా ఆయన ఫ్యాక్టరీలో, మా అమ్మాయి నవ్య బడిలో ఉన్న వేళ చూసుకుని, కుట్టుమిషను డబ్బాలోంచి స్క్రూడ్రైవరు తీశాను. ముందు దణ్ణం పెట్టుకున్నాను. ప్రేమ్‌చంద్ భయంలో సగం నాకూ ఉంది మరి. అత్తయ్య వచ్చి తలుపు దగ్గర నిలబడ్డారు. చేతిలో అక్షింతల గిన్నె.

ఆ గిన్నె సంగతి చెప్పాలి. రోజూ పూజ అవగానే ఆమె గుమ్మంలో నిలబడి, ఇల్లు దాటే ప్రతి తల మీదా పసుపూ నెయ్యీ కలిపిన నాలుగు బియ్యపు గింజలు వేస్తారు. కొడుకు యంత్రాల మధ్యకు వెళ్తాడు, మనవరాలు ట్రాఫిక్‌లో వెళ్తుంది. నేను వెళ్ళేది వంటింట్లోకి గనక నా తలకు పండగ రోజుల్లోనే.

పక్కరేకు ఊడి వచ్చింది.

డబ్బా పక్కరేకుకు గాలి ఆడటానికి గుండ్రంగా కన్నాలుంటాయి. పడుకోబెట్టాక ఆ కన్నాలు ఆకాశం వైపు తిరిగాయి. సరిగ్గా వాటి కింద చిన్న ఫ్యాను ఉంది. ఆ ఫ్యాను రెక్కల మధ్యా, దాని కింద వేడి లాగే రేకుల సందుల్లోనూ, చుట్టూ ఉన్న పచ్చటి పలకంతా అక్షింతలు. కొన్ని పాతబడి నల్లబడ్డాయి. పైవి నిన్నటివే, ఇంకా పసుపు మెరుస్తున్నాయి. నెయ్యి జిడ్డుకి రాయపూర్ నల్ల దుమ్మంతా అంటుకుని దళసరి కంబళిలా అయింది.

నేను తలెత్తాను. అత్తయ్య గిన్నె మీద కొంగు కప్పుకున్నారు.

"నానేనే," అన్నారు చిన్నగా. "పూజ నాడు బీమాయే సెప్పినాడు, యంత్రానికి కూడా అచ్చింతలు ఎయ్యాలమ్మా అని. ఇదీ పన్జేసేదే కదా, రోజూ ఎందుకెయ్యకూడదు అనుకున్నాను. నువ్వు వంటింట్లో ఉన్నపుడు..."

"రోజూనా?"

"ముందు నాలుగే. ఇది నెమ్మదించింది కదే. పాపం ఒంట్లో బాగోలేదేమో అని గుప్పెడేసి..."

అది నెమ్మదించేకొద్దీ ఆమె దీవించారు. ఆమె దీవించేకొద్దీ అది నెమ్మదించింది. నాకు నవ్వు ముంచుకొచ్చింది, కానీ ఆమె ముఖం చూసి మింగేశాను. తన పేపరును తన చేత్తోనే మూసేసుకున్న మనిషి ముఖం అది.

"పాడైపోయిందా? నావల్లేనా?"

"దీర్ఘాయుష్షు బాగానే పట్టింది అత్తయ్యా. ఊపిరే ఆడటం లేదు," అన్నాను. "రండి, కూర్చోండి. ఏరుదాం."

ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఆమె బియ్యంలో రాళ్ళేరే చేతులతో డబ్బాలో బియ్యం ఏరారు. ఆ చేతులకు అంత సులువైన పని ఇంకొకటి లేదు. సందుల్లో ఇరుక్కున్నవాటిని ఆమె తలపిన్నుతో లాగితే, నేను మా ఆయన వాడని షేవింగు బ్రష్షుతో దుమ్ము దులిపి, నవ్య సైకిలు పంపుతో గాలి కొట్టాను. గది నిండా నల్లటి మేఘం లేచింది. ఇద్దరం తుమ్ముకుంటూ నవ్వుకున్నాం. ఏరిన గింజలన్నీ ఆమె ఒక పళ్ళెంలో పోసి, తులసి కోట మట్టిలో కలిపేశారు. పక్కరేకు బిగించి, డబ్బాను నిలువుగా నిలబెట్టాను.

ఆ రోజు ఆమె వరసగా పద్నాలుగు పేజీలు చదివారు. అందులో రెండు క్రీడాపేజీలు, ఆమెకు ఏ సంబంధమూ లేనివి. తెరుచుకుంటున్నాయి కదా అని చదివేశారు.

ఆదివారం మా ఆయన ఎక్స్‌ఛేంజ్‌కి అట్టపెట్టె తెచ్చి, తెర ముందు ఆగిపోయారు. ఒక పేజీ నొక్కారు. వచ్చింది. ఇంకోటి నొక్కారు. అదీ వచ్చింది. అరగంట తర్వాత కూడా వస్తూనే ఉంది.

"అరే! ఏమైంది దీనికి? ఏం చేశావ్?"

"ఒరే, నానే..." అని అత్తయ్య మొదలుపెట్టారు.

"దుమ్మండీ," అన్నాను నేను, ఆమె కంటే గట్టిగా. "మీ ఫ్యాక్టరీ దుమ్మే. రోజూ చొక్కా మీద ఇంటికి తెస్తారు కదా. డబ్బాను పడుకోబెడితే నేరుగా లోపలికి పోయింది. పడుకోబెట్టిందెవరు?"

ఆయన చొక్కా చూసుకున్నారు. "లాప్‌టాప్ దీపావళికి చూద్దాంలే. ఇది మాత్రం ఇక్కడే ఉండనీ," అన్నారు. తర్వాత హుషారొచ్చి, "వచ్చే నెల విశ్వకర్మ పూజకి దీనికి బాగా చేద్దాం, పసుపూ అక్షింతలూ..."

"వద్దు!" అన్నాం అత్తాకోడళ్ళం ఒకే గొంతుతో.

సోమవారం పొద్దున్న కొడుకూ మనవరాలూ తలలు వంచి, గింజలు తీసుకుని వెళ్ళిపోయారు. నేను వంటింట్లో చట్నీ రుబ్బుతున్నాను. అత్తయ్య అలవాటుగా కంప్యూటరు దాకా వచ్చి ఆగారు. పిడికిలి మూసే ఉంది. అటు చూశారు, ఇటు చూశారు. చివరికి వంటింట్లోకి వచ్చి, నా తల మీద చెయ్యి పెట్టి పిడికిలి విప్పారు.

నాలుగు కాదు, గుప్పెడు.

గింజలు జుట్టులోంచి జారి మెడ మీదుగా జాకెట్లోకి పోయాయి. కొన్ని చట్నీలో పడ్డాయి.

"ఇదీ పన్జేసేదే కదా," అన్నారు, నా వైపు చూడకుండా. "ఎల్లు, పేపరు పెట్టు. వంశధారలో నీళ్ళెంతో సూడాలి."