ఉల్లిపాయల వదిన

మాలి దేశమంతా ఎరిగిన గాయని యాపమా ఇక లేదని రేడియోలో చెప్పేటప్పటికి కుంబా మోప్తీ నదిరేవులో చేపలకు పొగ పెడుతోంది. చేతిలో చేప చేతిలోనే ఉండిపోయింది. "అయ్యో, నా వదినా!" అంది.

పక్క పొయ్యి దగ్గర సీరా నవ్వింది. "ఇంకేం, ఈమె కూడా నీ చుట్టమేనా? కిందటేడు ఆ ఫుట్‌బాల్ ఆటగాడికి ఈత నేర్పింది నేనే అన్నావు. మంత్రిగారు కుర్రతనంలో మీ ఇంట్లో వారం రోజులు జ్వరంతో పడుకున్నాడన్నావు. పేరున్న వాళ్ళందరూ నీ వాకిట్లోంచే వెళ్ళారటే?"

"వెళ్ళారే! రేవన్నాక అందరూ వస్తారు, పోతారు. వాళ్ళకు పేరొస్తుందని నేను కలగన్నానా?" అని కసిరింది కుంబా.

అందులో అబద్ధమేమీ లేదు. రేవు స్నేహాలన్నీ పడవ కదిలేదాకానే. యాపమాతోనూ అంతే, మూడు నెలలు. నలభై ఏళ్ళ కిందట ఆ దోగోన్ పిల్ల ఉల్లిపాయల బస్తాలతో కొండ దిగి వచ్చింది. వరదకు దారులు మూసుకుపోతే కుంబా వాళ్ళ గుడిసెలోనే ఉండిపోయింది. ఇద్దరికీ పదిహేడేళ్ళు. యాపమాకు నీళ్ళంటే చచ్చేంత భయం. పడవెక్కితే కుంబా జుట్టు పట్టుకుని, ఆ భయం తెలియకుండా గొంతెత్తి పాడేది. తర్వాత దేశం చెవులప్పగించి విన్నది ఆ గొంతే. వరద తీశాక ఒకరోజు కుంబా చేపల వేటకు పోయి వచ్చేలోగా యాపమా ఏదో లారీ ఎక్కి రాజధాని బమాకో వెళ్ళిపోయింది. ఒక్క మాటైనా చెప్పలేదు. తర్వాత కబురూ లేదు. ఆ మంట కుంబాకు ఇంకా చల్లారలేదు.

అయినా వెళ్ళక తప్పదు. కుంబా పుట్టిన జాలరి తెగ బోజోలకూ, కొండల మీద ఉల్లి పండించే దోగోన్లకూ తాతల నాటి వేళాకోళపు చుట్టరికం. ఎదురుపడితే తిట్టుకోవాలి, ఎవరూ కోపగించుకోకూడదు. చావింట్లోనైతే శవం ముందు నిలబడి ఎగతాళి చేసి, ఏడ్చేవాళ్ళను నవ్వించాలి. అలా సాగనంపకపోతే అయినవాళ్ళు లేని మనిషిని పంపినట్టే. నవ్వించడానికి వచ్చినవాళ్ళు మాత్రం కంటతడి పెట్టకూడదు. పెడితే పరువు పోతుంది.

మర్నాడు శవాన్ని పక్క ఊరు సెవారేలో ఆమె తమ్ముడు అంబాదియో ఇంటికి తెచ్చారు. గుమ్మం ముందు కార్లు, పోలీసులు. చేపల పొగ వాసనతో వచ్చిన కుంబాను చూడగానే ఆమె బోజో మనిషని, ఎందుకొచ్చిందో అంబాదియోకు అర్థమైంది.

"ఇవాళ వద్దమ్మా. పెద్దవాళ్ళొచ్చారు, టీవీవాళ్ళున్నారు. వేళాకోళాలు బాగుండవు."

"ఓరి ఉల్లిగడ్డ మొహమా! పెద్దవాళ్ళు మోస్తారేమోగానీ నవ్విస్తారట్రా? మీ అక్కను దిక్కులేనిదానిలా పంపుతావా?"

దోగోన్ వాడు కదా, ఎంత బిగబట్టినా పెదవి విచ్చుకుని నవ్వొచ్చేసింది. పక్కకు తప్పుకున్నాడు.

లోపల ఆడవాళ్ళ మధ్య తెల్లగుడ్డ చుట్టిన యాపమా. పక్కన కూతురు ఊలెమాతు బొమ్మలా కూర్చుని ఉంది. నిన్నటి నుంచి చుక్క కన్నీరు రాలేదట.

కుంబా నడుం మీద చేతులు పెట్టుకుంది. "ఏమే ఉల్లిపాయా! నటించింది చాలు, లే! చూడండమ్మా ఈ మహాతల్లిని. దేశాలు తిరిగిందట! మోకాలి లోతు నీళ్ళకే చచ్చాను బాబోయ్ అని నా జుట్టు సగం పీకింది. ఈ గొంతుకా మీరు చప్పట్లు కొట్టారు? ఇది నోరు తెరిస్తే మా చేపలు అవతలి ఒడ్డుకు పారిపోయేవి. మేం పస్తులుండేవాళ్ళం!"

ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత గదంతా నవ్వింది. ఊలెమాతు మాత్రం తలెత్తి కుంబానే చూస్తోంది.

"చెప్పకుండా పోవడం దీనికి అలవాటే," అంది కుంబా ఊపు మీద. "అప్పుడూ అంతే. చేపలు పట్టుకొచ్చేసరికి చాప ఖాళీ. ఇద్దరికీ సరిపడా తెచ్చానే... ఇప్పుడు కూడా..."

నవ్వించడానికి వచ్చిన మనిషి నలుగురి ముందూ భోరుమంది. సిగ్గుతో మొహానికి కొంగు అడ్డం పెట్టుకుని గుమ్మం వైపు తిరిగింది.

ఊలెమాతు లేచి అడ్డం వచ్చింది. "నువ్వు కుంబా అత్తవి కదూ?"

"నా పేరు నీకెలా తెలుసే?"

"తెలియకేం! అన్నం మాడ్చినప్పుడల్లా మా అమ్మ తప్పు తనది కాదనేది. 'కుంబా చెయ్యి పడిందర్రా దీని మీద' అనేది. అదేదో దయ్యం పేరనుకునేవాళ్ళం. ఇవాళ నీ తిట్లు వింటే తెలిసింది, అది నువ్వేనని." ఆ పిల్ల జనం వైపు తిరిగి గొంతు పెంచింది. "చూడండమ్మా, నీచు వాసనేసుకుని వచ్చిందే కాక ఏడుస్తోంది కూడా! నదిలో నీళ్ళు చాల్లేదు కాబోలు బోజోదానికి!"

అంటూనే కుంబా మెడ కావలించుకుని వెక్కివెక్కి ఏడ్చింది. కుంబా ఆమె వీపు నిమిరింది.

"ఎన్నిసార్లు మాడేదే అన్నం?"

"వారానికి రెండు మూడుసార్లయినా మాడేదత్తా. మా అమ్మకు వంటెక్కడొచ్చు!"