ఒట్టి ఉయ్యాల ఊపరాదు

నేను ఒక ముతక నూలు చీరను. ఈ ముక్క ముందే చెప్పేసుకోవడం మంచిది. ఎందుకంటే నా పక్కన గోడకు అంటించిన అట్ట మీద నా సంగతి వేరేగా రాసి ఉంది: 'కదిలే శిల్పం. బట్ట, ఇనుము, మోటారు, రాయి.' వచ్చినవాళ్లు ముందు ఆ అట్ట చదువుతారు, తర్వాత నన్ను చూస్తారు, నమ్మకం చాలక మళ్లీ అట్ట చదువుతారు. అయినా నాకేమీ కష్టంగా లేదు. పాతబడిన నూలుకి ఏదీ గట్టిగా తగలదు.

నన్ను నేసింది శ్రీకాకుళం వైపు ఒక మగ్గం మీద. ఆకుపచ్చ ఒళ్లు, పండుమిరప రంగు అంచు. కొత్తలో గంజితో గరగరలాడుతూ, మడత పెడితే నిలువుగా నిలబడేదాన్ని. చీర కొనేటప్పుడు మనుషులు రంగు పోదు కదా అని పదిసార్లు అడుగుతారు. రంగు పోయి, గంజి పోయి, నేత వదులయ్యాకే అది పసిబిడ్డ ఒంటికి పనికొస్తుందని ఎవరికీ తోచదు.

నన్ను మొదట కట్టుకున్నామె పలాసలో జీడిపిక్కలు కొట్టే షెడ్డుకు పనికి వెళ్లేది. జీడి రసం అంటితే చెయ్యే పొక్కిపోతుంది, బట్ట సంగతి చెప్పాలా? నా అంచున నల్లటి మరక ఒకటి పడింది. ఎన్ని ఉతుకులు ఉతికినా అది పోలేదు. తరువాతి కాలంలో ఆ మరక ముందు నిలబడి ఒక పెద్దమనిషి, "ఇందులో కళాకారిణి ఆవేదన కనిపిస్తోంది," అన్నాడు.

నన్ను కట్టుకున్న ఆ తల్లికి ఆలస్యంగా ఒక మగపిల్లాడు పుట్టాడు. అప్పుడే నన్ను మొదటిసారి దూలానికి ఉయ్యాలగా కట్టారు. ఊపడానికి కూతురు నూకరత్నాన్ని కూర్చోబెట్టారు. ఎనిమిదో తరగతి పిల్ల. ఒక చేత్తో పుస్తకం, ఒక చేత్తో నా తాడు పట్టుకునేది. కొన్నాళ్లకు పుస్తకం పట్టుకున్న చెయ్యి ఖాళీ అయింది. ఎవరూ బడి మానమని చెప్పలేదు, ఎవరూ వెళ్లమనీ చెప్పలేదు. అలా అయిపోయింది, అంతే.

ఒకరోజు పిల్లాడు తల్లి చంకలో ఉన్నాడు. నూకరత్నం గోడకు చేరబడి, తోచక, కాలితో నన్ను ఊపుతోంది. తల్లి వచ్చి వీపు మీద ఒక్కటి వేసింది.

"ఒట్టి ఉయ్యాల ఊపుతావేటే! గుంటడికి ఏటైనా అయితే? ఉయ్యాల్లో ఉండాల్సినోడికి సేటు సేస్తాది, తెల్దా?"

నూకరత్నం కాలు తీసేసింది. బడిలో నేర్చుకున్నది చాలావరకు మరిచిపోయింది గానీ ఈ పాఠం మాత్రం మరవలేదు.

పెళ్లయ్యాక ఆమె మూటలో నేను విశాఖపట్నం చేరాను. గాజువాకలో ఒకే గది. కొన్నాళ్లు దుప్పటిగా, కొన్నాళ్లు వంటమూలకు తెరగా ఉన్నాను. ఆమె భర్త సన్యాసిరావు వెల్డింగు పని చేస్తాడు, చారుమతి గారనే కళాకారిణి షెడ్డులో. ఆవిడ పారేసిన సామానుతో బొమ్మలు చేయిస్తుంది. తాళంకప్పలతో చేపలు, కుక్కరు మూతలతో నెమలి, కూర్చునే చోటంతా మేకులు పొడుచుకొచ్చిన కుర్చీ. సన్యాసిరావు ఇంటికొచ్చి కంచం ముందు కూర్చుని ఆ కబుర్లే చెప్పేవాడు.

"ఈరోజు సెంచాలతో సెట్టు సేసినామే. గాలొస్తే గలగలమంటాది."

అతని తల్లి గవరమ్మ అన్నం వడ్డిస్తూ అడిగింది. "తినడానికి పనికిరాని సెంచాలు, నీడివ్వని సెట్టు. మరేటికిరా అది?"

"సూడ్డానికమ్మా."

"ఊరికే సూడ్డానికైతే ఇంట్లో నువ్వున్నావు కదరా."

నూకరత్నం కూడా నవ్వింది. ఆ గదిలో ఆమె అలా నవ్వడం నేను చూసింది తక్కువే. తరువాత బిడ్డ పుట్టాక అది కూడా పోయింది.

ఆడపిల్ల. హన్విక అని పేరు పెట్టారు. పలకడం చేతకాక గవరమ్మ చిట్టి అనేది. నన్ను మళ్లీ దించి, ఉతికి, పైకప్పు ఇనపకొక్కేనికి కట్టారు. బిడ్డను ఉయ్యాల్లో వేసే రోజున గవరమ్మ ముందుగా సన్నికల్లు మీద నూరే పొత్రానికి పసుపు రాసి, బొట్టు పెట్టి, చిన్న తువ్వాల చుట్టి నాలో పడుకోబెట్టింది. "దిష్టి అయినా గాలి అయినా ముందు రాయికి తగలాల," అంది. రాయిని ఊపాక అప్పుడు బిడ్డను వేశారు. రాయి మళ్లీ పచ్చడి నూరడానికి వంటమూలకు పోయింది.

ఆ తరువాతి నెలలన్నీ నాకు ఒకే రోజులా గుర్తున్నాయి. నూకరత్నం ఏడ్చేది కాదు, నవ్వేది కాదు. బిడ్డ నిద్రపోగానే నా మడత పక్కకు తప్పించి, ముక్కు దగ్గర వేలు పెట్టేది. ఊపిరి తగిలితే వేలు తీసేది. కాసేపటికి మళ్లీ పెట్టేది. పొయ్యి మీద పాలు పొంగినా ముందు ఇటే వచ్చేది. "గుంట బాగానే ఉంది, నువ్వే బాలేవు," అనేది గవరమ్మ. ఆమె సరేనని తలూపి మళ్లీ వేలు పెట్టేది.

చారుమతి గారు బిడ్డను చూడడానికి వచ్చిన రోజు కిటికీలోంచి ఎండ నా మీద పడుతోంది. బిడ్డ నీడ ఆకుపచ్చగా నాలో కదులుతోంది. ఆవిడ బిడ్డను చూడడం మానేసి నన్ను చూసింది. మరకను, మాసికలను, తాడు ఒరుసుకున్న చోటును తడిమింది.

"రత్నం, ఇది నాకిస్తావా? ఎగ్జిబిషన్ పెడుతున్నాను. పాపకి మంచి ఉయ్యాల కొనిస్తాను, దోమతెర ఉన్నది."

సన్యాసిరావు అప్పటికే తల ఊపేశాడు. ఇవ్వనని అనడానికి నూకరత్నం నోట్లో మాట తయారు కాలేదు. ఈమధ్య ఆమె నోట్లో ఏ మాటా తొందరగా తయారయ్యేది కాదు.

అలా నేను బీచ్ రోడ్డు పక్కన తెల్లగోడల పెద్ద హాల్లోకి వచ్చాను. అక్కడ ప్రతి వస్తువూ తన పని తాను చేయకుండా ఉండడమే పనిగా పెట్టుకుంది. కుర్చీలో కూర్చోకూడదు, చెంచాతో తినకూడదు, తాళంకప్పలకు చెవులు లేవు. అన్నేళ్లు అందరూ ముక్కు తుడుచుకున్న నా పక్కన 'ముట్టుకోరాదు' అని బోర్డు పెట్టారు. నన్ను పైనుంచి వేలాడదీసి, పాత కూలరు మోటారుకు ఇనపచెయ్యి తగిలించి, తాడుతో నాకు కట్టారు. స్విచ్చి వేస్తే ఊగుతాను. లోపల ఏమీ ఉండదు. ఆ ఖాళీయే కళ అని చారుమతి గారు అందరికీ చెప్పింది. మోటారు బిగించింది మాత్రం సన్యాసిరావు. మంచి పనివాడు. ఊపు ఎక్కడా కుదుపు లేకుండా కుదిర్చాడు.

మొదటిరోజు పనివాళ్ల ఇళ్లవాళ్లను కూడా పిలిచారు. నూకరత్నం బిడ్డను భుజాన వేసుకుని, అత్తగారితో వచ్చింది. బిడ్డకు అప్పటికే రెండు రోజులుగా జలుబు. కుక్కరు మూతల నెమలి దగ్గర గవరమ్మ కొడుకుతో, "బాగుందిరా," అంది. కుర్చీ దగ్గర, "మీ నాన్నకి పెట్టాల్సింది ఇదే," అంది. తరువాత నా దగ్గరకు వచ్చి ఆగిపోయింది.

"ఓలమ్మో! ఒట్టి ఉయ్యాల ఊపుతున్నారేటిరా! మన గుంటదే కదా ఇది!"

నూకరత్నం నన్ను చూసింది, భుజం మీద బిడ్డను చూసింది. వేలు తీసి బిడ్డ ముక్కు దగ్గర పెట్టింది.

ఆ సాయంత్రమే బిడ్డకు జ్వరం వచ్చింది. ఆ తరువాత జరిగినది వినబట్టే నాకు తెలుసు. మోటారు చూడడానికి వచ్చిన సన్యాసిరావు, పక్కనున్న పనివాడితో చెప్పుకున్నాడు. డాక్టరు చూసి, మామూలు జ్వరమే, మందు వేస్తే పోతుందన్నాడు. నూకరత్నం మందు వేసింది. వేసి, మొగుడితో అంది.

"మావా, ఆ ఉయ్యాల ఆపమని సెప్పు."

"ఆపితే ఇంకేటుంటాదే అందులో? అది ఊగాల. మోటారు నానే పెట్టినాను కదా."

"అదే. నువ్వే ఊపుతున్నావు."

అతను నవ్వేశాడట. ఆమె నవ్వలేదట. ఆ మాట చెప్పేటప్పుడు అతను కూడా నవ్వడం లేదు. మేడంగారికి ఎలా చెప్తాం, పల్లెటూరి నమ్మకం అనుకోరా అని గొణుక్కుంటూ మోటారుకు నూనె వేసి వెళ్లిపోయాడు.

మరునాడు మధ్యాహ్నం హాల్లో జనం పలచగా ఉన్న వేళ నూకరత్నం ఒక్కతే వచ్చింది. బిడ్డను అత్తగారికి అప్పగించినట్టుంది, చెయ్యి ఊరికే భుజం మీదకు పోతోంది. చంకలో తువ్వాల మూట. మేకుల కుర్చీని గానీ చెంచాల చెట్టును గానీ చూడలేదు. తిన్నగా నా దగ్గరకొచ్చి, బోర్డు దాటి, ఊగుతున్న నన్ను రెండు చేతులతో పట్టి ఆపింది. ఎన్నాళ్లకో ఆ చేతులు తగిలాయి. మూట నాలో పెట్టింది. బరువుగా, చల్లగా ఉంది. పసుపు వాసన, దాని కింద మిరపకాయ వాసన. పొత్రం. ఆమె చేతులు వదిలింది.

మోటారు ఒకసారి మూలిగింది. ఊపు మందగించింది. బిడ్డ ఉన్నప్పుడు ఎలా ఊగేదాన్నో సరిగ్గా అలా ఊగాను.

కాపలా మనిషి పరుగెత్తుకొచ్చాడు. ఈలోగా ఇద్దరు ముగ్గురు ఫోన్లు తీసి, ఇది కూడా ప్రదర్శనలో భాగమే అనుకుని ఫొటోలు తీసుకుంటున్నారు. చారుమతి గారు వచ్చింది.

"రత్నం, నువ్వు పెట్టావా ఇది?"

"ఒట్టి ఉయ్యాల ఊపకూడదు మేడంగారూ. నా పిల్లకి జొరం ఒచ్చింది."

చారుమతి గారు మోటారు స్విచ్చి ఆపింది. నేను మెల్లగా ఆగాను.

"నాకు తెలియదు రత్నం. చెప్పాల్సింది. ఇది నువ్వు పట్టుకుపో, నీదే. నేను ఇంకెక్కడైనా పాత ఉయ్యాల సంపాదించుకుంటాను."

ఆమె చేతులు నా దాకా వచ్చాయి. ముడి విప్పడానికే వచ్చాయి. అక్కడ ఆగిపోయాయి.

"ఇంకొకటంటే, అదీ ఎవలదో పిల్లదే కదండీ," అంది.

చారుమతి గారి చెయ్యి ఇంకా స్విచ్చి మీదే ఉంది.

"అది కూడా ఒట్టిదే ఊపుతారు. ఆ తల్లికి తెలీనే తెలీదు." నూకరత్నం చేతులు వెనక్కి తీసుకుంది. "దీన్నే ఉంచీండి. రాయి మాత్రం తియ్యకండి. ఎప్పుడూ తియ్యకండి."

"నీకు పచ్చడి నూరుకోడానికో?"

"ఏదో రాయి సూసుకుంటాను."

వెళ్లేటప్పుడు నా మడతలో చెయ్యి పెట్టింది. అలవాటు. రాయి ముక్కు ఎక్కడుంటుందని వెతికిందో ఏమో, వెంటనే తీసేసుకుంది.

జ్వరం దిగింది. మందు వల్లనని డాక్టరు అన్నాడు, పొత్రం వల్లనని గవరమ్మ అంది. నూకరత్నం ఏమీ అనలేదని సన్యాసిరావు చెప్పాడు. అట్ట మీద మాత్రం చారుమతి గారు 'రాయి' అనే మాట చేర్పించింది.

ఆ తరువాత హైదరాబాదులో ఒక పెద్ద మ్యూజియం వాళ్లు నన్ను తీసుకున్నారు. పెట్టెలో రాయితో సహా వచ్చాను. ఇక్కడ ఎండ లేదు, దుమ్ము లేదు, ఏడుపు లేదు. పగలంతా రాయిని ఊపుతాను. బిడ్డ అయితే నెల నెలా బరువెక్కేది, ఎంత పెరిగిందో ముందు నాకే తెలిసేది. రాయి పెరగదు. మొదట్లో ఆ తేడా తెలిసేది. తరువాత అది కూడా తెలియడం మానేసింది.

ఆ మోటారు అంతు పట్టేది సన్యాసిరావు ఒక్కడికే కాబట్టి ఏడాదికోసారి అతన్ని పిలిపిస్తారు. నూనె వేస్తూ ఉండగా ప్రతిసారీ ఫోను మోగుతుంది. నూకరత్నం గొంతు. బాగున్నావా, తిన్నావా అని అడగదు. "రాయుందా మావా?" అంటుంది. అతను నాలోకి చెయ్యి పెట్టి చూసి, "ఉంది," అంటాడు. అప్పుడు ఫోన్లోంచి పిల్ల గొంతు ఏదో అల్లరిగా అంటుంది. బడికి వెళ్తోందట. ఎక్కాలు కూడా చెబుతోందట.

మొన్న వేసవిలో బట్టలు కాపాడే నిపుణురాలు ఒకామె వచ్చి నన్ను భూతద్దంతో చూసింది. నా పోగులు తెగుతున్నాయని, ఈ బరువుకు ఎక్కువ కాలం ఉండనని చెప్పింది. నా మంచికే చెప్పింది. రాయిని తీసి గిడ్డంగిలో భద్రం చేశారు. దాని చోట స్పాంజిని రాయిలా కోసి, రంగు వేసి, అదే తువ్వాలలో చుట్టి పెట్టారు. చూసేవాళ్లకు తేడా లేదు. అట్ట మీద 'రాయి' అనే మాట అలాగే ఉంచారు. నేను మళ్లీ తేలిగ్గా, ఒట్టిగా ఊగడం మొదలుపెట్టాను.

సన్యాసిరావు వచ్చాడు. జుట్టు నెరుస్తోంది. నూనె వేశాడు. ఫోను మోగింది.

"రాయుందా మావా?"

నాలోకి చెయ్యి పెట్టాడు. వేళ్లు స్పాంజిలోకి దిగిపోయాయి. ఫోన్లో పిల్ల ఏదో పద్యం అప్పజెబుతోంది, మధ్యలో దగ్గింది.

"మావా?"

"ఉంది," అన్నాడు. "ఉందే. ఫోను పెట్టీ."

ఫోను జేబులో వేసుకున్నాడు. అటూ ఇటూ చూశాడు. మోటారు మూత విప్పి, లోపల ఒక తీగను పట్టకారుతో కొరికి, మళ్లీ మూత బిగించాడు. అంత మంచి పనివాడు ఒక వస్తువును పాడుచేయడం నేను అప్పుడే చూశాను. అది కూడా శుభ్రంగా చేశాడు, ఎక్కడా గీత పడకుండా.

మ్యూజియం ఆఫీసరు వచ్చింది.

"కాలిపోనాది మేడంగారూ. ఈ మోటారు ఇప్పుడు ఎక్కడా దొరకదండి."

"వేరేది పెట్టలేమా?"

"పెడితే ఊపు మారిపోతాదండి. చారుమతి గారు ఒప్పుకోరు."

ఆఫీసరు కాగితం మీద ఏదో రాసుకుంది. అతను సంచి సర్దుకుని, నా అంచును ఒకసారి సవరించి, వెళ్లిపోయాడు. మళ్లీ అతన్ని పిలవవలసిన పని పడలేదు.

జనం వస్తూనే ఉన్నారు. అట్ట చదువుతారు. 'కదిలే శిల్పం' అని ఉంది కాబట్టి నా ముందు నిలబడి ఎదురుచూస్తారు. ఏసీ గాలికైనా కదులుతానేమోనని కొందరు వంగి చూస్తారు. పిల్లలు ఎవరైనా చెయ్యి చాపితే తల్లులు వెనక్కి లాగుతారు. కాసేపు చూసి, పక్క గదిలోకి వెళ్లిపోతారు.

నేను కదలను.