ఆదివారం ఏడుపు

ఆదివారం సాయంత్రం మా వాడకట్టులో ఏడుపు వినబడితే ఎవరూ లేచి రారు. మైసమ్మ టీవీ పెట్టింది అనుకుంటారు. అనుకొని తమ టీవీ సౌండు ఇంకొంచెం పెంచుకుంటారు. ఆ మైసమ్మను నేనే.

ముందు నా ఏడుపు గురించి చెప్పాలి. జఫర్‌గఢ్‌లో ఎవరింట్లో చావు జరిగినా నాకు కబురు వస్తుంది. శోకం తీసి ఏడవడంలో నా అంతటిది చుట్టుపక్కల లేదని మా అత్తే ఒప్పుకుంది, ఇంకే విషయంలోనూ ఆమె నన్ను ఒప్పుకున్న మనిషి కాదు. శోకం అంటే ఊరికే గొంతు చించుకోవడం అనుకునేరు. పోయిన మనిషిని వరస పెట్టి పిలవాలి. ఆ మనిషి మంచితనం ఎత్తుకోవాలి. నడుమ నడుమ "రాండ్రో అమ్మలారా, వచ్చి చూడుండ్రో" అని వాడకట్టును పిలవాలి. ఆ పిలుపు చెవిన పడిన ఆడమనిషి పొయ్యి మీద కూర మాడినా సరే లేచి రావాలి, ఏడ్చేదాని మెడ మీద చెయ్యి వేసి తానూ గొంతు కలపాలి. మా అమ్మ నాకు అట్లాగే నేర్పింది.

టీవీలో ప్రతి ఆదివారం 'గొంతుల జాతర' అని పాటల పోటీ వస్తుంది. మొదట నేను దాని మొహం కూడా చూడలేదు. కురవి దగ్గరి తండా నుంచి నవ్య అనే పిల్ల అందులోకి వచ్చింది, ఇక నా బతుకు అయిపోయింది. ఆదివారం చావుకు పోయినా సాయంత్రమయ్యేసరికి శవాన్ని త్వరగా లేపమని తొందరపెట్టేదాన్ని. నవ్వితే నవ్వండి, నాకేం సిగ్గు లేదు. ఆ పిల్ల చేతులు ఊపదు, కళ్లు తిప్పదు, నాటు వేస్తూ పాడినట్టు పాడుతుంది. అక్కడ మార్కులు వేసే ఒకాయన ఉన్నాడు, కళ్లజోడు నెత్తిన పెట్టుకొని కూర్చుంటాడు. "పాట బాగుందమ్మా, ఆ భాషే కొంచెం మార్చుకోవాలి" అని ఆమె మాటను వెక్కిరించాడు ఒకసారి. నేను టీవీ మీదికి లేచాను.

"నీ నోట్లె మన్నువడ! పిల్ల భాష మార్చనీకి నువ్వెవనివిరా?"

మా ఆయన నా కొంగు పట్టి గుంజి కూర్చోబెట్టాడు. "ఆయనకు ఇనవడదే. ఇనవడ్డా నీకు మార్కులెయ్యడు" అన్నాడు.

మా ఆయన పంచాయతీలో నల్లా నీళ్లు వదిలే పని చేసేవాడు. ఆయన పేరు నేను చెప్పను. మా దగ్గర పెళ్లాం మొగుడి పేరు నోటితో అనదు. రేషన్ కార్డు వాళ్లు అడిగినప్పుడు కూడా పక్కింటి బుచ్చిని పిలిచి చెప్పించాను. ఆదివారమైతే ఆయన వాడకట్టుకు నీళ్లు ముందుగానే వదిలేవాడు, ఆడవాళ్లు బిందెలు నింపుకొని షో టైముకు ఇల్లు చేరాలని. తాను మాత్రం షో చూసేవాడు కాదు. నా పక్కన నేల మీద మంచానికి ఆనుకొని, కాళ్లు చాపుకొని నన్ను వినేవాడు.

అవును, వినేవాడు. నవ్యకు మార్కులు తగ్గితే నాకు తెలియకుండానే శోకం వచ్చేది. "ఓ నా బిడ్డో, తండాలో పుట్టిన చందమామవో, నీ గొంతు ఇననోని చెవులకు తాళాలువడో, రాండ్రో అమ్మలారా" అని మొదలయ్యేది. మా ఆయన కాలి బొటనవేలు దానికి తాళం వేసేది. నీళ్ల గుంటల్లో దిగి దిగి గోరు నల్లబడ్డ వేలు అది. ప్రకటనలు రాగానే నేను ఠక్కున ఆపి, ముక్కు తుడుచుకొని, పొయ్యి మీది చాయ్ చూసుకునేదాన్ని. షో మళ్లీ రాగానే వదిలిన మాట దగ్గర ఎత్తుకునేదాన్ని.

"నల్లా తిప్పినట్టు తిప్పుతవ్ గదనే" అని నవ్వేవాడు. "నేను సచ్చిననాడు సుత గిట్లనే ఏడ్వాలె. నడుమ చాయ్ తాగనీకి లేవొద్దు."

"నీకు గంత సీను లేదు. పదికి నాలుగు మార్కులకు మించి ఏడ్వ" అనేదాన్ని.

బుచ్చి కోడలు సౌందర్యకు ఒక ఛానెల్ ఉంది, ఫోనులో. వంటలు పెట్టేది, ముగ్గులు పెట్టేది, ఎవరూ చూసేవారు కాదు. ఒకరోజు మా కిటికీలో నుంచి నా ఏడుపు వీడియో తీసి పెట్టింది. జనం ఎగబడ్డారు. మా కిటికీ ఎత్తుగా ఉంటుంది, వీధిలో నిలబడితే లోపల ఏముందో కనబడదు. అప్పటి నుంచి సౌందర్య ప్రతి ఆదివారం చెయ్యి పైకెత్తి ఫోను చువ్వల దగ్గర పెట్టి, నవ్వు ఆపుకోవడానికి నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నిలబడేది. లోపలికి వస్తే నేను బిగుసుకుపోతానట. వీడియోలో నా వీపు, టీవీ వెలుగు, నా గొంతు. అంతే.

"పెద్దమ్మ, నీకు ఫ్యాన్స్ ఉన్నరు తెల్సా? వారం వారం అడుగుతున్నరు" అంది సౌందర్య.

సంతోషం కాలేదంటే అది అబద్ధం. పెద్దవంగర అంగట్లో కూరగాయలమ్మే ఆమె నన్ను గుర్తుపట్టి పిడికెడు పచ్చిమిర్చి ఊరికే వేసింది. అదే పెద్దవంగరలో ఒక చావుకు పోయినప్పుడు నేను శోకం ఎత్తుకోగానే వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. "అరే, టీవీ అవ్వ!" అన్నారు. శవం ముందు నవ్వు. ఇంటికొచ్చి చెబితే మా ఆయన మాత్రం నవ్వలేదు. "జర తగ్గియ్యే" అన్నాడు. తగ్గిస్తే బాగుండేదేమో. ఇష్టమైనదాన్ని ఎవరు తగ్గించుకుంటారు చెప్పండి?

ఆ ఆదివారం నవ్య పోటీలో ఉంటుందా, ఇంటికి పోతుందా తేలే రోజు. వారమంతా అదే చూపించి చూపించి మా ప్రాణం తీశారు. వాడకట్టులో ప్రతి ఇంట్లోనూ అదే షో. మా ఆయన నీళ్లు వదిలి వచ్చి, ఛాతీలో మంటగా ఉందన్నాడు. గ్యాసేమో అన్నాడు. వాము నమిలి నీళ్లు తాగి, ఎప్పటిలాగే నా పక్కన నేల మీద కూర్చున్నాడు.

నవ్యను, ఇంకో అబ్బాయిని స్టేజీ మీద నిలబెట్టారు. లైట్లు తగ్గించారు. అప్పుడు మా ఆయన తల నా ఒళ్లోకి వాలింది. చూస్తే ఒళ్లంతా చెమట. నోరు తెరిచి ఏదో అనబోయాడు, మాట రాలేదు. నా చెయ్యి పట్టుకున్నాడు.

నేను అరిచాను. వాడకట్టంతా వినబడేట్టు అరిచాను. కానీ నా నోటికి అలవాటైన అరుపు ఒక్కటే. "ఓ నా రాజో, నా దేవుడో, నన్నిడిసి పోకురో, రాండ్రో అమ్మలారా, వచ్చి చూడుండ్రో" అని వచ్చింది. నాకు తెలిసిన పిలుపు అదే. ఆ పిలుపుకే కదా మనుషులు లేచి రావాల్సింది!

ఎవరూ రాలేదు. పక్కింటి టీవీలో నవ్య ఏడుస్తోంది, ఎదురింటి టీవీలో నవ్య ఏడుస్తోంది. ఆయన చెయ్యి విడిపించుకొని బయటికి ఉరకాల్సింది అని ఇప్పుడు అందరూ నాకు బుద్ధి చెబుతారు. వాళ్ల చెయ్యి ఎవరూ అట్లా పట్టుకోలేదు.

ప్రకటనలు వచ్చాయి. నేను ఏడుస్తూనే ఉన్నాను. అప్పుడు బుచ్చికి అనుమానం వచ్చిందట. "అడ్వటైజులొస్తున్నా మైసమ్మ ఆపుతలేదేందే?" అని కోడలిని అడిగి, సమాధానం వినకుండానే చెప్పులు లేకుండా ఉరికి వచ్చింది. గడపలో నిలబడి చూసి నెత్తి కొట్టుకుంది. "ఓ మోతీలాల్, ఆటో తియ్యిరా!" అని ఆమె అరిచిన అరుపుకు వాడకట్టు మొత్తం కదిలింది. చూడండి, ఆమె అరుపుకు కదిలింది.

ఎదురింటి మోతీలాల్ ఆటో మా ఇంటి ముందే ఆగి ఉంది. జనగామ దవాఖానకు తోలుతూ దారి పొడుగునా అతను ఒకటే మాట. "నాకు ఇనవడ్డది పెద్దమ్మ. నవ్య అవుటయ్యిందేమో అనుకున్న. ఒక్కసారి పెద్దబాపు పేరన్నా తియ్యకపోతివి." దవాఖాన గేటు కనబడక ముందే నా చేతిలో ఆయన చెయ్యి వదులైంది. డాక్టరమ్మ చెయ్యి పట్టి చూసి, ఇంకొంచెం ముందు తెస్తే చూసేవాళ్లం అంది. ఆ మాట ఆమె అందరికీ అంటుందేమో, నాకు తెలియదు. నాకు మాత్రం అదే చెవిలో ఉండిపోయింది.

మర్నాడు ఊరంతా మా వాకిట్లో ఉంది. ఆడవాళ్లు ఒక్కొక్కరే వచ్చి నా మెడ మీద చెయ్యి వేసి ఎదురు చూశారు, నేను ఎత్తుకుంటే గొంతు కలపాలని. నేను ఎత్తుకోలేదు. భూపాలపల్లి నుంచి వచ్చిన నా బిడ్డ తండ్రి మీద పడి ఏడుస్తోంది. నేను గోడకు ఆనుకొని ఆ నల్లబడ్డ బొటనవేలును చూస్తూ కూర్చున్నాను.

"ఏడువే మైసమ్మా. కడుపుల పెట్టుకుంటే పానం పోతది" అంది బుచ్చి.

"ఊళ్లె అందరికీ ఏడ్సి ఏడ్సి, మొగనికి మిగుల్చుకోలే" అంది ఇంకొకామె, నాకు వినబడేట్టే. ఏడుపు రాక కాదు. గొంతుదాకా వచ్చిన ప్రతిసారీ నాకు ఒకటే అనిపించింది. నిన్న ఈ గొంతుతో పిలిస్తే ఎవరూ నమ్మలేదు, ఇవాళ ఏ మొహం పెట్టుకొని పిలవాలి? ఆయన అడిగిందల్లా ఆ ఒక్కటే. అదీ ఇవ్వకుండానే సాగనంపాను.

దినాలు అయ్యాక సౌందర్య వచ్చి నా కాళ్ల దగ్గర కూలబడింది. ఆ ఆదివారం కూడా చెయ్యెత్తి వీడియో తీసిందట. తీసి అప్పటికప్పుడే పెట్టేసిందట. అన్నిటికంటే అదే ఎక్కువమంది చూశారట. "నాకు తెల్వదు పెద్దమ్మ, నీ పానం మీదొట్టు. తెల్సినంక తీసేసిన. గప్పటికే అందరి ఫోన్లలకు పోయింది" అని వెక్కి వెక్కి ఏడ్చింది. దాన్ని తిట్టడానికి నోరు తెరిచాను. నాకు తిట్లకేం కొదవ లేదు, కానీ ఒక్కటీ రాలేదు. లేచి పొమ్మన్నాను.

తర్వాత నేను టీవీ పెట్టలేదు. నా బిడ్డ తనతో రమ్మంది, పోలేదు. వీధి నల్లా ఇప్పుడు ఎవరో కుర్రవాడు తిప్పుతున్నాడు, వాడికి ఆదివారం లేదు, సోమవారం లేదు. నవ్య ఆ రోజు ఇంటికి పోలేదని, ఆఖరి పోటీ దాకా వచ్చిందని బుచ్చి చెప్పింది. ఆఖరి ఆదివారం సాయంత్రం ఇల్లు నన్ను మింగడానికి వచ్చినట్టుంటే, చూద్దాం అని పెట్టాను. ఎప్పటి చోటే కూర్చున్నాను. పక్కన మంచం కోడు ఉంది.

నవ్య పాడింది. బాగా పాడింది, కానీ నాకేమీ కాలేదు. ఆ కళ్లజోడాయన లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. అప్పుడు యాంకరమ్మ, "నవ్యకు ఊరూరా ఉన్న అభిమానుల్లో ఒక అవ్వను చూద్దాం" అంది. వెనక పెద్ద తెర వెలిగింది. నా వీపు, మా టీవీ వెలుగు, నా గొంతు. "ఓ నా రాజో, నన్నిడిసి పోకురో, రాండ్రో అమ్మలారా." జనం ఘొల్లున నవ్వారు. నవ్య పాపం కళ్లు తుడుచుకొని రెండు చేతులూ జోడించింది. ఆ పిల్లకేం తెలుసు?

నేను నా వీపును చూడలేదు. ఫోనులో ఎవరికీ కనబడనిది తెర మీద కనబడుతోంది. నా వీపు పక్క నుంచి, మంచం కోడు దగ్గర, ఒక కాలు చాపి ఉంది. గోరు నల్లబడ్డ బొటనవేలు. అది కదులుతోంది. నా శోకం ఎక్కడ లేస్తే అక్కడ లేస్తోంది, ఎక్కడ వాలితే అక్కడ వాలుతోంది. సౌందర్య చెయ్యెత్తి నిలబడినంతసేపూ ఆయన బతికి ఉన్నాడు. బతికి ఉండి, తనకోసం నేను ఏడ్చే ఏడుపుకు తాళం వేస్తూ విన్నాడు.

ఘొల్లుమని నవ్వుతూనే ఉన్నారు. నేను లేచి టీవీ మీద ఆ వేలు ఉన్న చోట చెయ్యి పెట్టాను.

"ఎల్లస్వామీ!" అన్నాను. పెళ్లయిన నాటి నుంచి నా నోట రాని పేరు. "ఓ ఎల్లస్వామీ! ఉన్నవారా? ఉండె గదరా! రాండ్రో, నా ఎల్లస్వామి బతికే ఉన్నడు, రాండ్రో!"

తలుపులు తెరుచుకున్న చప్పుడు వినబడింది. ముందు బుచ్చి, వెనక సౌందర్య, మోతీలాల్ ఆటో స్టార్ట్ చేసి పెట్టి మరీ వచ్చాడు. వాడకట్టంతా చెప్పులు లేకుండా ఉరికి వచ్చి మా ఇంట్లో నిండిపోయింది. ఈసారి ప్రకటనల దాకా ఎవరూ ఆగలేదు.