తుడిచిన బోల్టులు

పెద్దల్లుడికి ఆ వారమంతా అన్నం సహించలేదు. కారణం చిన్నల్లుడు. వర్క్‌షాపులో ముప్పై ఏళ్లుగా ఫోర్‌మన్‌గా ఉన్న మామగారు శనివారం రిటైరవుతున్నారు. ఇద్దరల్లుళ్లలో ఇనుము కోసే మిల్లింగ్ మెషిన్ హెడ్‌ను ఎవరు నిటారుగా నిలబెడితే, వెంట్రుకవాసి తేడానైనా సూదితో చూపించే ఆయన డయల్ గేజీ వాళ్లకి. డయల్ ఎవరిదైతే మెషిన్ వాడిది, ఫోర్‌మన్ కుర్చీ కూడా వాడిదే.

హెడ్ ఏ మాత్రం ఒరిగినా కోసిన ముక్క వంకరే. అందుకే హెడ్ కింద తిరిగే ఇరుసుకు, అంటే స్పిండిల్‌కు, డయల్ తగిలించి, టేబుల్ మీద చేత్తో గుండ్రంగా తిప్పి చూస్తారు. ఎడమనా కుడినా సూది ఒకే గీత మీద నిలవాలి. నిన్న పెద్దల్లుడి వంతు. పదిహేనేళ్ల అనుభవం ఉండి కూడా ఒక గీత తేడా మిగిలింది. అంతసేపూ పక్క మెషిన్ దగ్గర ఈల వేస్తున్న చిన్నల్లుణ్ణి ఓరకంట చూస్తూనే ఉన్నాడు మరి. నిన్నగాక మొన్న వచ్చినవాడు. అత్తగారు వాడికే కొసరి కొసరి వడ్డిస్తుంది, మామగారు వాడి జోకులకే నవ్వుతారు. ఒళ్లు మండిపోదూ?

ఇవాళ చిన్నల్లుడు తన వంతు ముగించి భోజనానికి వెళ్లాడు. పెద్దల్లుడు పిల్లిలా మెషిన్ దగ్గరికి చేరి డయల్ తిప్పాడు. రెండు గీతలు తేడా. ప్రాణం లేచొచ్చింది. ఇక వెళ్లి క్యారేజీ విప్పుకుంటే సరిపోయేది.

ఒకరు బిగించిన బోల్టును అడక్కుండా ఇంకొకరు విప్పకూడదని మామగారు పెట్టిన కట్టడి. కానీ తప్పు చూపిస్తున్న సూదిని వదిలేసి వెళ్లడం ఆ చేతులకు అలవాటు లేదు. స్పానర్ ఎప్పుడు తీశాడో, బోల్టులు ఎప్పుడు వదులు చేశాడో అతనికే తెలియదు. చెక్క సుత్తితో హెడ్‌ను రెండుసార్లు తట్టి, బోల్టులు కొంచెం కొంచెంగా బిగించి, అలవాటు చొప్పున గుడ్డతో వాటి తలలు తుడిచాడు. డయల్ తిప్పితే సూది కదల్లేదు. అప్పుడుగానీ తెలియలేదు ఎంత పని చేశాడో. మళ్లీ చెడగొట్టేలోపే చిన్నల్లుణ్ణి వెంటబెట్టుకుని మామగారు వచ్చేశారు.

ఆయన డయల్ రెండుసార్లు తిప్పి చూశారు. "చిన్నోడా, నువ్వు వదిలినప్పుడు ఎంతుంది?"

"రెండు గీతలు మామయ్యా. అంతకంటే నా వల్ల కాలేదు."

మామగారి చూపు తళతళలాడే బోల్టుల మీద పడింది. షాపులో బోల్టు తలలు తుడిచేవాడు ఒక్కడే.

"దీని దగ్గరికి ఎందుకొచ్చావు పెద్దోడా?"

"వాడి తప్పు పట్టుకుందామని," అన్నాడు పెద్దల్లుడు. అబద్ధం నోటికి రాలేదు.

"నేను కూడా ఇంత బాగా ఎప్పుడూ నిలబెట్టలేదు. నిన్న నీకెందుకు కుదరలేదో తెలుసా? నిన్న నువ్వు సూదిని చూడలేదు, వీణ్ణి చూశావు." ఆయన డయల్ ఊడదీసి డబ్బాలో పెట్టి చిన్నల్లుడి చేతికిచ్చారు. "అడక్కుండా ఒకరి బోల్టు విప్పేవాడికి మెషిన్ ఇవ్వను. వీడికి నేర్పడం మాత్రం నువ్వే నేర్పాలి."

చిన్నల్లుడు ఇబ్బందిగా డబ్బా అతని వైపు జరిపాడు. "నువ్వే పట్టుకో అన్నయ్యా. ఎలా తట్టావో చూపించు."

కడుపుమంట చల్లారలేదు సరికదా, ఇంకాస్త రాజుకుంది. పెద్దల్లుడు స్పానర్ అందుకున్నాడు.

"ముందు ఆ ఈల వెయ్యడం మానెయ్," అన్నాడు.