పొట్టలో పాట

సాయంత్రం మొక్కల నర్సరీలో పని ముగించుకుని రాగానే కోడలు కాళ్లు కడుక్కుని, చేతికి ప్లాస్టిక్ కవరు తొడుక్కుని బాత్రూం గోడలు వెతికేది. దొరికిన పెద్ద కప్ప వీపుకి పంటినొప్పికి రాసే తిమ్మిరి మందు పూసి, అది మత్తుగా వాలిపోయాక డబ్బాలో పెట్టి ఫ్రీజర్‌లోకి తోసేది. బఠానీల పక్కనే.

"ఆ బఠానీలు మాత్రం నాకు వండి పెట్టకు తల్లీ," అనేది అత్త.

ఈ పెద్ద చెట్టుకప్పలు ఈ ఊరివి కావు. నర్సరీకి దిగిన కుండీల్లో నక్కి వచ్చాయి. అరచేయంత పెరిగి, నోట్లో పట్టిందల్లా మింగాయి. పురుగులు, బల్లి పిల్లలు, అన్నిటికంటే ఎక్కువగా పెరట్లోని గోరంత పచ్చ కప్పలు. మింగేసినా ఆ చిన్నవి పాట మానలేదు. సందె వేళకి పెద్ద కప్ప పొట్టలోంచే అందుకునేవి. దానికెవరూ ఆశ్చర్యపోలేదు. "మీ గోడమీది దాంట్లో జనం ఎక్కువున్నట్టున్నారు, బాగా పాడుతున్నారు," అని పక్కింటావిడ మెచ్చుకునేది కూడా. ఫ్రీజర్‌లో పెట్టాకే ఆ పాట సన్నగిల్లి ఆగిపోయేది.

చివరికి ఇంట్లో ఒక్క పెద్ద కప్ప మిగిలింది. పెరట్లోని మిగతా పచ్చ కప్పలన్నీ దాని పొట్టలోనే.

"దీన్ని వదిలెయ్యవే. ఇదీ పోతే సాయంత్రాలు ఇల్లు ఇల్లులా ఉండదు," అంది అత్త.

కోడలికీ మనసొప్పలేదు. వంటింటి బల్బు పక్కన దాన్ని ఉండనిచ్చింది.

ఆ వారం వాన పడింది. నీళ్లు పోయే గొట్టంలోంచి పచ్చ కప్ప ఒకటి బయటికొచ్చింది. ప్రాణంతో మిగిలింది అదొక్కటే. తనవాళ్ల గొంతులు విని, బదులిస్తూ, గోడెక్కసాగింది. పెద్ద కప్ప నోటివైపే.

"అయ్యో, పట్టుకోవే దాన్ని!"

కోడలు దోసిట్లో పట్టి వీధి చివర గడ్డిలో వదిలొచ్చింది. మర్నాడు మళ్లీ గోడమీదుంది. ఈసారి ఇంకా దూరం తీసుకెళ్లి వదిలింది. మళ్లీ వచ్చింది.

"ఇంక చేసేదేముంది అత్తయ్యా," అంటూ కోడలు మందు ట్యూబు తీసింది.

అత్త మొహం తిప్పుకుంది. "కానియ్."

ఫ్రీజర్ తలుపు పడ్డాక లోపలి గొంతులు ఒక్కొక్కటే తగ్గాయి. పచ్చ కప్ప ఫ్రిజ్ దాకా గెంతి, తలుపుకి అతుక్కుని, అవి తగ్గేకొద్దీ ఇంకా గట్టిగా అరిచింది. కోడలి చెయ్యి పిడిమీదికి పోయింది.

"తియ్యకు," అంది అత్త.

తియ్యలేదు. వంటిల్లు మూగబోయింది. పచ్చ కప్ప కూడా ఊరుకుంది.

అప్పుడు పక్కింటి వరండాలో పాట మొదలైంది. అవీ పొట్టలోంచి వచ్చే పచ్చ కప్పల గొంతులే. "మంచి మొక్కలు చూసివ్వమ్మా" అని పక్కింటావిడ అడిగితే, నిన్న కోడలే ఏరి ఇచ్చిన కుండీల మధ్యనుంచి.

పచ్చ కప్ప అటు తిరిగింది. కోడలు కిటికీ రెక్క వేసేలోపే ఊచల సందులోంచి దూకేసింది.