మొత్తని దిండ్లు

"మెత్తని దిండ్లు" అని రాయమంటే, పెయింటరు ఎత్వానికి బదులు ఒత్వం పెట్టి "మొత్తని దిండ్లు" అని రాసి చక్కా పోయాడు. అప్పటికింకా బతికున్న నాన్న తలెత్తి చదివి, "పోనీలే, మన దిండ్లు ఎవర్నీ మొత్తవుగా. అబద్ధమైతే కాదు," అన్నాడు. లైసెన్సు రాయడానికొచ్చిన గుమాస్తా బోర్డు చూసి అదే ఎక్కించుకున్నాడు. దిండు మూలన కుట్టే గుడ్డముక్క మీదా అదే పేరు పడింది. వీధంతా నవ్వింది, నవ్వుతూనే కొనుక్కుంది.

నాన్న పోయాక కొట్టు అక్క చేతికొచ్చింది. దూది ఏకడం, నింపడం, కుట్టడం ఆమె పని. ఫోను, ఆన్‌లైన్ బేరాలు తమ్ముడి పని. నాలుగక్షరాలు ఎక్కువ చదువుకున్నాడేమో, అతనికి ఆ ఒత్వం కంట్లో నలుసు. ఆన్‌లైన్‌లో కొట్టుకి పేజీ తెరిచినప్పుడు అక్కకి చెప్పకుండా "మెత్తని దిండ్లు" అని దిద్దేశాడు.

ఒకరోజు ఒకావిడ వచ్చి బల్ల మీద ఓ దిండు విసిరికొట్టింది.

"మీ పేజీలో చూసే కొన్నానండీ, మెడకి ఆపరేషనైన మా అమ్మ కోసం. లోపలేముందో మీరే చూడండి!"

అక్క కుట్టు విప్పింది. అన్నీ చింకిగుడ్డలు, రబ్బరు ముక్కలు. మూలన పేరున్న గుడ్డముక్క లేదు. తమ్ముడు ఫోన్లో వెతికితే అచ్చం వాళ్ల పేజీలాంటిదే ఇంకొకటి కనిపించింది. తను దిద్దిన పేరే, వాళ్ల కొట్టు ఫొటోలే, దూది నింపుతున్న అక్క చేతులతో సహా. నంబరు మాత్రం వేరు.

"ఇది మాది కాదమ్మా," అంది అక్క.

"దొరికాక అందరూ అదే అంటారు."

అక్కకి ఒళ్లు మండింది. అయినా కొత్త దిండొకటి తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "సరుకు మాది కాదు గానీ, నొప్పి మీ అమ్మగారిది. తీసుకెళ్లండి."

ఆవిడ దిండు చంకన పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ వారంలోనే ఇంకొందరొచ్చి తిట్టిపోయారు. ఇలాగే సాగితే నాన్న నిలబెట్టిన పేరు మట్టిపాలే. తమ్ముడు లైసెన్సు ఫొటో జతచేసి, పేజీలు నడిపే కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. జవాబొచ్చింది: "మీ లైసెన్సులో ఉన్నది మొత్తని. మెత్తని అనే పేరుకి మీ ఇద్దరి దగ్గరా రుజువు లేదు." దొంగనీ సొంతదారునీ ఒకే గాటన కట్టి, రెండు పేజీలూ పీకేశారు.

తమ్ముడు తలొంచుకుని సంగతంతా చెప్పాడు.

"ఇన్నాళ్లూ ఆ తప్పే మనకి తిండి పెట్టింది కదరా. ఎందుకు దిద్దావు?"

"సిగ్గేసిందక్కా."

"సరే, ఇప్పుడు ఒత్వం పెట్టు."

ఫోను ఒప్పుకుంటేగా! "మొత్తని" అని కొట్టిన ప్రతిసారీ అది "మెత్తని" అని దిద్దేస్తోంది.

"దీనికీ నీలాగే చదువెక్కువైంది," అంది అక్క.

ఎలాగో కొత్త పేజీ తెరిచి, పైన ఇలా రాశాడు: "మొత్తనివే మావి. మెత్తనివి మావి కావు."

మొదటి కామెంటు రానే వచ్చింది. "పేరు కూడా సరిగ్గా రాయడం రాదా? మెత్తని కదండీ!"

తమ్ముడి చెవులు మళ్లీ ఎర్రబడ్డాయి. ఏం రాయాలో తోచేలోపే దాని కింద ఇంకొకటి వచ్చింది. దిండు విసిరికొట్టిన ఆవిడే రాసింది. తమ్ముడు పైకి చదివాడు.

"అది తప్పు కాదండీ. తప్పులేని పేరు చూసే నేను మోసపోయాను. ఇప్పుడు మా అమ్మ ఈ తప్పు మీదే తల పెట్టుకుని నిద్రపోతోంది."

అక్క సూది ఆపి, "ఇంకోసారి చదవరా," అంది.