అభ్యంతరాలు లేవు

"మా వాడు కోడలికి ఎంత సాయం చేస్తాడో మీరు చూడాలి" అని అత్తగారు వరండాలో పొరుగావిడతో చెబుతున్న సమయానికి, ఆ మహత్తర సాయం వంటింటి గట్టు మీద సాక్షాత్కరించే ఉంది: ఒక నీళ్ల సీసా, నిండుగా, మూత లేకుండా. తోమిన గిన్నెలు, మడతపెట్టిన బట్టలు, సర్దిన బడి సంచి, వారానికి సరిపడా వేరుచేసిన అత్తగారి మాత్రలు మాత్రం ఎవరి సాయమూ కావు. అవి వాటంతటవే జరిగిపోయే ప్రకృతి వ్యాపారాల కోవలోనివి. సూర్యుడు ఉదయించినందుకు ఎవరు ఎవరిని పొగుడుతారు?

దుప్పటి రెండు కొసలూ గడ్డం కింద అదిమిపట్టి, ఆ కోడలు రోజులు లెక్కపెట్టుకుంది. ఇవాళ ఆరోది. రేపు మధ్యాహ్నంతో గడువు తీరుతుంది.

ఆమె ఒక ప్రోగ్రామింగ్ భాషను తయారుచేసే సంస్థలో ఇంజనీరు. ఆ భాష వాడే ప్రతివారికీ దానితోపాటు ఒక పనిముట్ల పెట్టె అందుతుంది. దాన్ని ప్రామాణిక లైబ్రరీ అంటారు. అందులో ఒక్కో పనికి ఒక్కో మాడ్యూలు. తేదీలూ గడియారాలూ చూసుకునే 'కాలం' ఆమె రాసింది. ఏ ప్రభుత్వం ఎక్కడ గడియారం ముల్లును ఒక గంట ముందుకు తోసినా, మర్నాటికల్లా ఆ ముల్లును 'కాలం'లో సరిచేసేది తొమ్మిదేళ్లుగా ఆమే. మాడ్యూలు నెత్తిన 'సంరక్షకురాలు' అని ఒక పంక్తి, దాని పక్కన ఆమె పేరు ఉంటాయి. ఫలానావారి కోడలిగానో, ఫలానా పాప తల్లిగానో కాక, ఆమె ఆమెగా ప్రపంచంలో నమోదైన చోటు అదొక్కటే.

లైబ్రరీలో పేర్లు ఇష్టారాజ్యంగా పెరిగిపోయాయని, వాటిని ఒక పద్ధతిలో పెట్టడానికి నామనిర్ణయ సంఘం వెలిసింది. ఐదుగురు మహామహులు, ఆమె. పేరు ఏకవచనంలో ఉండాలా బహువచనంలోనా అన్న ధర్మసందేహానికి మూడు వారాలు పట్టింది. పొట్టి పేరా పూర్తి పేరా అన్నదానికి నాలుగు. రెండు మాటల మధ్య గీత ఉండాలా వద్దా అన్న మహాసంగ్రామంలో ఇరవయ్యేళ్ల స్నేహితులిద్దరు కలిసి కాఫీ తాగడం మానేశారు. రాజ్యాల సరిహద్దులు ఇంతకన్నా తేలిగ్గా తేలి ఉంటాయి. ఈ వీరగాథకు లేఖకురాలు ఆమె. "మీరైతే నీటుగా రాస్తారమ్మా" అన్నాడు అధ్యక్షుడు. ఆయన్ని అందరూ పెద్దాయన అంటారు.

పదకొండో వారంలో నియమావళి అవతరించింది. సొంత సిద్ధాంతం గల మాడ్యూళ్లకు విడి పేర్లు. మిగిలినవన్నీ 'సహాయకాలు' అనే అరలోకి. సహాయకాలది ఉమ్మడి బాధ్యత కనుక వాటి మీద సంరక్షకుల పేర్లు ఉండవు. 'కాలం' ఇక 'సహాయకాలు.కాలం'.

"ఇది చిన్నచూపు కాదమ్మా" అన్నాడు పెద్దాయన. "అన్ని మాడ్యూళ్లూ మీదాని మీదే ఆధారపడ్డాయి. అందరికీ పనికొస్తోంది కాబట్టే సహాయకం అన్నాం."

"మరి మీరు రాసిన 'తర్కం'కి విడి పేరెందుకు, సార్?"

"అది ఎవరి మీదా ఆధారపడదు. స్వతంత్రం."

దాని మీద కూడా ఎవరూ ఆధారపడలేదు. పదేళ్లలో దాన్ని వాడినవాళ్లు ఆయన శిష్యులిద్దరే. ఈ మాట ఆమె నాలుక చివరిదాకా వచ్చి, మర్యాద తెలిసినది కనుక వెనక్కి వెళ్లిపోయింది.

ప్రతిపాదన వెలువడిన ఏడు రోజుల్లోగా రాతపూర్వకంగా అభ్యంతరం రాకపోతే అందరూ ఒప్పుకున్నట్టే అని సంఘం నియమం. ఒక్కటి వచ్చినా మొత్తం ఆగిపోతుంది. ఆమెకు ఈ పద్ధతి కొత్త కాదు. ఇంట్లో ఏడు రోజుల గడువు కూడా ఉండదు. ఆమె చదువుకునే గది అత్తగారి గది అయి, బల్ల నడవలోకి వచ్చినప్పుడు భర్త అన్నాడు, "నువ్వేమీ అనలేదుగా, సరేననుకున్నా." పాప పసితనంలో ప్రమోషన్ చేజారినప్పుడూ అదే మాట. ఈ పేర్ల గొడవ చెప్పినప్పుడు మాత్రం కొత్తగా నవ్వాడు. "ఇంతింత చదువులు చదివి పేర్ల కోసం కొట్టుకుంటున్నారా? జీతం ఆగదు కదా, పోనీయవోయ్."

పోనిచ్చేదే. ఆమెను నిలవనీయనిది వేరే ఉంది. ఆరో వారంలో, 'తనిఖీ' అనే మాడ్యూలు రాసిన, ఆఫీసులో పక్క గది అమ్మాయిని సంజాయిషీ కోసం సంఘం ముందుకు పిలిచారు. తక్కిన మాడ్యూళ్లు సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో చూసే మాడ్యూలు అది. సహాయకాల్లో వేయాలని ముసాయిదాలో అందరికన్నా ముందు తేల్చింది దాన్నే. "ఎవరికైనా అభ్యంతరమా?" అన్నాడు పెద్దాయన. ఆ అమ్మాయి ఎవరివైపూ చూడలేదు, ఆమెవైపు తప్ప. ఆమె తలవంచి పుస్తకంలో రాసుకుంది: అభ్యంతరాలు లేవు. నీటుగా, గుండ్రటి అక్షరాలతో. పెన్ను ఆమెది. చెయ్యీ ఆమెదే. భయపడ్డానని తనకు తాను చెప్పుకోబోయింది గాని, అది భయం కాదు. ఇంకొకరిది పోతుంటే తనది మిగులుతుందన్న చిన్న, శుభ్రమైన లెక్క. అత్తగారి మీదా భర్త మీదా తోయడానికి వీల్లేని తప్పు అదొక్కటీ ఆమె గుండెలో ముల్లులా ఉండిపోయింది.

ఏడో రోజు పొద్దున, నడవలోని బల్ల దగ్గర కూర్చుని, ఆమె రెండు వాక్యాలు రాసి పంపింది. 'తనిఖీ'ని సహాయకాల్లో చేర్చడం పట్ల నాకు అభ్యంతరం ఉంది. 'కాలం' విషయంలోనూ అంతే.

పావుగంటలో ఫోన్ మోగింది.

"ఏంటమ్మా ఇది? పదకొండు వారాల శ్రమ!" పెద్దాయన గొంతులో ఒక సామ్రాజ్యం కూలుతోంది. "ముందే చెప్తే ఇంట్లో మనుషుల్లా సర్దేవాళ్లం కదా. సరే, మీ 'కాలానికి' మినహాయింపు ఇస్తాం. విడి పేరు, మీ పంక్తి, అన్నీ ఉంటాయి. ఆ చిన్నమ్మాయిది మాత్రం అలా ఉండనివ్వండి. ఇప్పుడిప్పుడే వచ్చింది, తనకేం తెలుస్తుంది?"

ఆమె మాట్లాడలేదు. అడిగింది దొరికింది, చెయ్యి చాస్తే చాలు. తొమ్మిదేళ్ల పంక్తి. ఎదుట భర్త సంగతి పసిగట్టి, ఒప్పుకో అన్నట్టు బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు.

"హమ్మయ్య" అన్నాడు పెద్దాయన. "మీరేమీ అనడంలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే రాసుకుంటున్నా."

"రాసుకోకండి సార్" అంది ఆమె. "ఇంతసేపూ ఆలోచించుకుంటున్నాను. ఆ అమ్మాయి పేరు తిరిగి పెట్టేదాకా నాకు మినహాయింపు వద్దు. అభ్యంతరం వెనక్కి తీసుకోను. ఇంకొకటి, ఆరో వారం నోట్సులో తప్పు రాశాను. ఆ రోజు గదిలో ఒక అభ్యంతరం ఉంది, అది నాది. దిద్దుతున్నాను."